తెల్ల కుందేలుకు రోహిణి కార్తె గండం

ఈ బల్ల మీదున్నది న్యూజిలాండ్ వైట్ కుందేలు. పేరులో న్యూజిలాండ్ ఉన్నా జాతిని తీర్చిదిద్దింది అమెరికాలో. ఈడొస్తే నాలుగైదు కిలోలు తూగుతుంది. బహు సాధువు, నోరెత్తదు. అసలు తంటా అక్కడే. జబ్బు చేసినా అరవదు, మూల చేరి మేత మానేస్తుంది. పూటంతా మేత ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా రేపు చూద్దాంలే అనుకోకండి.

మన మెట్టపొలాల్లో గెంతే చెవులపిల్లి వేరండి. దాని కూనలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. దీని కూనలకు బొచ్చుండదు, కళ్లు తెరవడానికి పది రోజులు పడుతుంది. చెవులపిల్లిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం కూడాను.

ఇక ఎండ సంగతి. కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థవారు వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా కుందేళ్లను పెంచుతున్నారు. అది కొండమీది చల్లని ఊరు. మన పట్టిసీమలో రోహిణి కార్తె ఎండ, పైన గోదావరి ఉక్క. కుందేలుకు చెమట పట్టదు; ఒంటి వేడి చాలామటుకు చెవుల్లోంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది. చెవులు కాలుతూ, ముక్కుపుటాలు ఎగరేస్తూ సాగిలబడిందంటే వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి చెవులకు తడిగుడ్డ అద్దండి, ఐసునీళ్లలో మాత్రం ముంచకండి. రేకుల షెడ్డు కన్నా తాటాకు పందిరి నయం, చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టండి. వేసవిలో పోతుకు వీర్యం పలచబడి కొన్నాళ్లు చూలు నిలవదు. అమ్మినవాడు మోసం చేశాడని ఆడిపోసుకుంటారు, పాపం!

పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గరిక, ఎండుగడ్డి దండిగా వేయండి. సుబాబుల్ ఆకు ఎక్కువైతే బొచ్చు రాలుతుంది. ముద్దుకొద్దీ అన్నం, బిస్కెట్లు పెట్టకండి. మెత్తటి పెంటికలు కొన్నింటిని అదే తింటుంది, అసహ్యపడకండి. బి విటమిన్లు దానికి అందేది అలాగే.

ఎత్తేటప్పుడు చెవులు పట్టకండి. ఇదిగో, ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి పిరుదుల కింద. వెనక్కాళ్లు గాల్లో వదిలితే తన్నుకుని తన వెన్నే విరుచుకుంటుంది. చెవిలో గోధుమరంగు పక్కు కడితే గజ్జి పురుగు, డాక్టరుకు చూపించండి. పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ మాత్రం పొయ్యకండి. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలు పట్టుకుని కుందేలు దక్కదు. ఇక మీరు అడగండి, చెబుతాను.