ఇంటి మాట - బడి మాట

మూడవ తరగతి చదివే బాలుడు వాచకంలోని పాఠాన్ని ఎక్కడా తడుముకోకుండా గడగడ చదివి వినిపించినప్పుడు తల్లిదండ్రులకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. కాని అదే పాఠంలోనుంచి ఒక్క వాక్యం తీసి, “దీని భావమేమి నాయనా?” అని అడిగితే వాడు నేలచూపులు చూస్తున్నాడనుకోండి. అప్పుడా చదువు ఇంకా కంఠం దాటి లోపలికి పోలేదని మనం గ్రహించాలి. అక్షరాన్ని పలకడం వేరు, మాటను తెలుసుకోవడం వేరు. మొదటిది కొద్ది నెలల పని. రెండవది ఏండ్ల తరబడి సాగవలసిన సాధన. ప్రాథమిక పాఠశాలలో చదివే బిడ్డలకు మాటల సంపద ఎట్లా అబ్బుతుంది, దానికి మనమేమి చేయగలము అన్నదే నేటి ప్రసంగ విషయం.

దృష్టాంతానికి లక్సెట్టిపేట ప్రాంతాన్నే తీసుకుందాము. గోదావరికి ఉత్తరపు గట్టున ఉన్న ఈ ఊరు 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ సంవత్సరం నుంచి మంచిర్యాల జిల్లాలోనిది. ఇక్కడి పల్లెలో అయిదారేండ్ల పిల్లవాడు బడిలో అడుగు పెట్టేనాటికి వాని చేతిలో పలక ఖాళీగా ఉండవచ్చును గాని, నోట మాటలకు కొదువ లేదు. తొవ్వ అంటే వానికి తెలుసు. బర్రె తెలుసు, మక్కలు తెలుసు, ఎవుసం తెలుసు, కైకిలి తెలుసు. వాచకం తెరిస్తే మాత్రం దారి, గేదె, మొక్కజొన్న, వ్యవసాయం, కూలి అనే మాటలు కనబడుతవి. వస్తువులన్నీ వాడు రోజూ చూచేవే. పేర్లు మాత్రం కొత్తవి. ఈ రెండు పేర్లను ఎవరూ కలిపి చూపకపోతే, పుస్తకంలోని గేదె వేరొక లోకపు జంతువుగానే వానికి మిగిలిపోతుంది.

కలిపి చూపకపోవడం ఒక లోపం. ఇంటి మాటను వెక్కిరించడం అంతకంటె పెద్ద లోపం. “తొవ్వ కాదురా, దారి అనాలి” అని నలుగురిలో కసిరితే ఆ బిడ్డ దారి అనే మాట నేర్చుకొనేది ఎంతవరకో గాని, తరగతిలో నోరు విప్పకపోవడం మాత్రం తప్పక నేర్చుకుంటాడు. మాట్లాడని బిడ్డ ప్రశ్న అడుగడు. ప్రశ్న అడుగనివానికి చదువు రుచించదు. కొందరు పిల్లలు బడికి దూరం కావడానికి పేదరికంతోపాటు ఈ సిగ్గు కూడ కారణమవుతున్నదని నా నమ్మకం.

ఇంతకూ తొవ్వ అనే మాటలో తప్పేమున్నది? ప్రాచీన కావ్యాలలో కనిపించే త్రోవ అనే మాటకు అది సొంత బిడ్డ. ప్రొద్దు పొద్దు అయినట్లు, క్రొత్త కొత్త అయినట్లు, త్రోవ తొవ్వ అయినది. మరొక వింత చూడండి. రెండవ తరగతి పిల్లవాడు కత అంటే కథ అని దిద్దుతాము. అదే పిల్లవాడు పై తరగతికి పోయినాక కథ అనే ప్రకృతికి వికృతి ఏమని అడిగి, కత అని వ్రాస్తేనే మార్కు వేస్తాము. రాత్రికి రాతిరి, సంధ్యకు సందె, ఆకాశానికి ఆకసం కూడ ఇట్లాంటివే. వ్యాకరణంలోని ఈ పాఠాన్ని పిల్లవాడు తన అవ్వ దగ్గర ఎప్పుడో నేర్చుకొన్నాడు. ఆ సంగతి వానికి చెప్పేవారే కావాలి.

అట్లాగని ఇంటి మాట చాలును, పుస్తకపు మాట అక్కరలేదని నేననడం లేదు. పది జిల్లాలవారు చదివే పత్రిక, శాస్త్ర గ్రంథం, న్యాయస్థానపు తీర్పు, ప్రభుత్వపు ఉత్తరువు బిడ్డకు అర్థం కావాలంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న పదజాలం వాడు నేర్వక తప్పదు. అయితే ఆ గట్టుకు పోవడానికి ఈ గట్టున నిలిచే వంతెన కట్టవలె.

మన పెద్దలు ఈ విషయం ఎరుగనివారు కారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) సవర భాష నేర్చుకొని, సవర బాలుర కోసం ఆ భాషలోనే వాచకాలు సిద్ధపరచినారు. మన ఆదిలాబాదు అడవులలోనే, మార్లవాయి గ్రామంలో 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పడినది. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో సాగిన ఆ ప్రయత్నంలో గోండి భాషను నాగరి లిపిలో వ్రాసి పిల్లలకు పాఠాలు చెప్పినారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం రైతుల నోటి మాటలను జిల్లాలవారీగా సేకరించి, వానికి నిఘంటువు గౌరవం కల్పించినది. పలుకుబడుల భాషకు జీవితాంతం పట్టం కట్టిన కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

ఈ ప్రాంతపు బడులలో గోండి మాట్లాడే పిల్లలు కూడ ఉంటారు. కంటిని వారు కన్ అంటారు, చేతిని కయ్ అంటారు. మన కన్ను, మన చెయ్యి వానికి తోబుట్టువులే. ఉపాధ్యాయుడు ఒక్కసారి “మీ ఇంట్లో దీనిని ఏమంటారు?” అని అడిగి, ఆ మాటను కూడ నల్లబల్ల మీద వ్రాస్తే, ఆ బిడ్డ ముఖం ఎట్లా వికసిస్తుందో చూడవచ్చును. కాగితం, కలం, దస్తూరి అనే మన బడి మాటలు సైతం అరబ్బీ, పారసీకాలనుంచి వచ్చి మనలో కలిసిపోయినవే. పరభాషల మాటలకు చోటిచ్చిన తెలుగు, పక్క గూడెం మాటకు చోటివ్వకపోతుందా?

ఇక సాహిత్యానికి సంబంధించిన మాటలు. పాదం, చరణం, పల్లవి, మకుటం, పాత్ర, పర్వం, కాండం - ఇవి పిల్లలను భయపెట్టే పారిభాషిక పదాలని పెద్దల అభిప్రాయం. నిజానికి ఇవన్నీ కంటి ఎదుట ఉన్న వస్తువుల పేర్లు. మనిషి పాదాలతో నడుస్తాడు. పద్యం కూడ నాలుగు పాదాలతో నడుస్తుంది. పల్లవమంటే చిగురు, ఆ మాటకు చుట్టమైన పల్లవి, పాటలో మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. పర్వమంటే కణుపు. చెరకు గడను చూపి, ఇందులో కణుపులున్నట్లే మహాభారతంలో పదునెనిమిది పర్వాలున్నవని చెప్పండి. కాండమంటే కాడ, విజ్ఞాన పాఠంలోని మొక్కకు, రామాయణానికి కూడ కాండాలున్నవి. స్కంధమంటే మాను, భాగవతంలో అవి పన్నెండు. గ్రంథమనే మాటలో ముడి వేసి కట్టడం ఉన్నది; పూర్వం తాటాకులను దారంతో గుచ్చి కట్టేవారు గదా. వేసవిలో తల్లితోపాటు తునికాకు కట్టలు కట్టిన బిడ్డకు గ్రంథమంటే ఏమిటో ఇంతకంటె విడమరచి చెప్పవలసిన పని లేదు.

పాత్ర అంటే గిన్నె, చెంబు వంటిది. గిన్నె తనలో పోసినదానిని పట్టి నిలుపుతుంది. కథలోని పాత్ర మంచిని, చెడ్డను, కోపాన్ని, కరుణను అట్లాగే పట్టి నిలుపుతుంది. మకుటమంటే కిరీటం. కిరీటం తల మీద ఉండవలసింది, పద్యం చివర ఎందుకున్నదని తెలివైన పిల్ల అడుగుతుంది. అడుగనివ్వండి. రాయపట్నం దగ్గర గోదావరి దాటితే ధర్మపురి. ఆ ఊరి శేషప్ప కవి రచించిన నరసింహ శతకంలో ప్రతి పద్యమూ ధర్మపురి స్వామిని పిలిచే మకుటంతోనే ముగుస్తుంది. తమ పొరుగూరి పేరు పుస్తకంలో చూచిన పిల్లలకు శతకమంటే ఏమిటో, మకుటమంటే ఏమిటో మరపురాదు. బతుకమ్మ పండుగనాడు తంగేడు, గునుగు పూలు ఏరి తెచ్చిన ఆడపిల్లకు, పాటలో ప్రతి చరణం చివర తిరిగి వచ్చే మాట ఏదో మనం చెప్పాలా? ఆమెనే అడిగి చెప్పించుకోవాలి.

ఇందుకు ఖర్చు లేదు, కొంత ఓపిక కావాలి. ఒక పాఠంలో ఇరువది మాటలకు అర్థాలు వ్రాయించి వల్లె వేయించడం కంటె నాలుగు మాటలను చక్కగా పట్టించడం మేలు. ప్రతి మాటను వినిపించాలి, వస్తువునో చిత్రాన్నో చూపాలి, ఇంటి మాటతో జత కట్టాలి, పిల్లవాని సొంత వాక్యంలో వాడించాలి. వారం గడిచినాక మరొక సందర్భంలో ఆ మాట మళ్లీ ఎదురయ్యేట్లు చూడాలి. ఒకే ఒక్కసారి విన్న మాట చుట్టపు చూపుగా వచ్చి పోతుంది.

చదువురాని తల్లిదండ్రులు ఇందులో మా పాత్ర ఏమున్నదని అనుకోరాదు. పొడుపు కథ వేసే తాత, నిద్రపుచ్చుతూ కథ చెప్పే అవ్వ పిల్లలకు మొదటి వాచకం. ప్రతి సాయంత్రం పది నిమిషాలు బిడ్డ చేత పాఠం చదివించుకొని, “తరువాత ఏమయింది? వాడట్లా ఎందుకు చేసినాడు?” అని అడగండి. అందులో ఒక మాట మీకు తెలియకపోతే నేర్పమని బిడ్డనే అడగండి. మీకు నేర్పిన మాటను వాడు మరువడు. రేపటి పాఠంలో ఒక మాటను ఎన్నుకొని, ఈ పని నేటినుంచే ప్రారంభించవలసినదిగా శ్రోతలను కోరుతున్నాను.