డిస్కు లేకనే డిస్కును తెరచుట

కొన్ని ఏండ్ల క్రిందట ఒక సాయంకాలము మా కేంద్రమునకు విశ్రాంత ఉపాధ్యాయులొకరు వచ్చిరి. వారి భార్య పూర్వము మా స్త్రీల కార్యక్రమములో మంగళహారతులు పాడియుండెను. ఆమె గతించి ఏడాది కావచ్చినది. “రేపు సంవత్సరీకం బాబూ. పిల్లలంతా వచ్చారు. ఆవిడ గొంతు ఒక్కసారి వాళ్ళకు వినిపించాలని ఉంది” అని వారు మమ్ము అడిగిరి.

ఆ పాటలున్న టేపును మేము ఏనాడో సీడీలోనికి ఎక్కించియుంటిమి. ఆ సీడీ మొరాయింపసాగిన నాడు, పూర్తిగా చెడకమునుపే దాని ఇమేజిని తీసి కంప్యూటరులో భద్రపరచితిమి. ఐతే ఆ ఇమేజిని మరల ఒక ఖాళీ డిస్కుపైకి ఎక్కించిననే గాని వినుట సాధ్యము కాదని మా నమ్మకము. రెండు ఖాళీ డిస్కులు పెట్టి చూచితిమి. రెండును నడుమనే చెడినవి. మూడవదానిని చేతబట్టుకొని నిలిచియుండగా మా యువ ఇంజనీరు వచ్చి, “వినడానికి మళ్ళీ డిస్కు ఎందుకండీ? ఉన్నదాన్నే తెరుద్దాం” అనెను. నిమిషము గడువకమునుపే ఆమె కంఠము గదిలో వినవచ్చినది. ఆ పెద్దలు కన్నులు మూసికొని వినిరి. పాటలను పెన్‌డ్రైవులో వేసి వారి చేతికిచ్చి పంపితిమి.

ఆనాడు మేము తెలిసికొన్నదానిని నేడు మీకు విన్నవింతుము.

డిస్కులోని సమాచారము చిన్న చిన్న గడులుగా విభజింపబడియుండును. దత్తాంశములు దాచు సీడీలో ఒక్కొక్క గడికి 2048 బైట్లు. 74 నిమిషముల సీడీలో ఇట్టి గడులు 3,33,000 పట్టును. మొదటి గడి మొదలు కడపటి గడి వరకు వరుస తప్పక, మక్కికి మక్కిగా ఒకే ఫైలులోనికి ఎత్తి వ్రాసినచో అదియే డిస్కు ఇమేజి. తాళపత్ర గ్రంథమునకు ఎత్తు ప్రతి వంటిది. ఆకులు మారినవే గాని అక్షరములు మారలేదు.

ఈ ఫైళ్ళ పేరు తుదిని సాధారణముగా ‘ఐఎస్ఓ’ అని ఉండును. సీడీలో ఫైళ్ళను అమర్చు పద్ధతికి 1988లో 9660 అను సంఖ్యతో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణమును బట్టి ఆ పేరు వచ్చినది. ఆ పద్ధతిలో మొదటి 16 గడులు, అనగా 32,768 బైట్లు, విడిచిపెట్టబడును. ఆ పిమ్మట ‘సీడీ001’ అను గుర్తుతో డిస్కు యొక్క వివరములు మొదలగును. ఏ ఫైలు ఏ గడిలో ఉన్నదో అచ్చటినుండి కనుగొనవచ్చును.

ఇక తెరచుట ఎట్లు? కంప్యూటరు డిస్కును చదువునపుడు యంత్రమును అడుగునది ఒక్కటే: “ఫలానా సంఖ్య గల గడిలో ఏమున్నది?” ఆ ప్రశ్నకు యంత్రమునకు బదులు ఇమేజి ఫైలే జవాబు చెప్పునట్లు ఏర్పాటు చేసినచో, నిజముగా ఒక డిస్కు పెట్టినట్లే కంప్యూటరు భావించును. దీనినే ‘మౌంట్’ చేయుట అందురు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ఈ సౌకర్యము విండోస్‌లోనే ఇమిడియున్నది. ఫైలుపై మౌసు కుడి మీటను నొక్కి ‘మౌంట్’ అను మాటను ఎన్నుకొనిన చాలును, క్రొత్త డ్రైవు ఒకటి కనబడును. పని ముగిసిన పిదప ఆ డ్రైవుపై ‘ఎజెక్ట్’ అనవలెను. మ్యాక్ కంప్యూటరులో ఫైలును రెండుమారులు నొక్కిన తెరచుకొనును. లైనక్స్‌లోను ఇట్టి ఏర్పాటు చిరకాలముగా ఉన్నది. లోనున్న ఒకటి రెండు ఫైళ్ళు మాత్రమే కావలసినచో సెవెన్-జిప్ వంటి ఉచిత సాధనముతో వెలికి తీసికొనవచ్చును. సినిమా డీవీడీ ఇమేజి ఐనచో వీఎల్‌సీ నేరుగా చూపగలదు.

ఇట్లు తెరచిన ఇమేజి చదువుటకే గాని వ్రాయుటకు లొంగదు. కావున ఎన్నిమారులు విన్నను మూలమునకు హాని లేదు.

ఒక మెలకువ చెప్పవలెను. మా ఇమేజిలోని పాటలు ఫైళ్ళ రూపమున ఉన్నవి గనుక మా పని సులభమైనది. అంగడిలో కొన్న పాటల సీడీ వేరు జాతి. దానిలో గడికి 2352 బైట్లు. ఫైళ్ళ పట్టిక అనునది ఉండదు. దానిని ఐఎస్ఓగా తీయుట కుదరదు. ‘బిన్’, ‘క్యూ’ అను జంట ఫైళ్ళుగా తీయుదురు. వీటిని విండోస్ తానుగా తెరువలేదు. అందులకు వేరే సాధనము కావలయును. ఈ జంటలో ‘క్యూ’ పోయినచో ఏ పాట ఎచ్చట మొదలగునో తెలియదు. కావున రెంటిని విడదీయరాదు. మరియొక మాట: ఎవరు పంపిరో తెలియని ఇమేజిని తెరువకుడు. దానిలో చెడు ప్రోగ్రాములు దాగియుండవచ్చును.

ఇంటిలో వ్రాసికొను సీడీలలో సమాచారము ఒక రంగు పొరపై లేసరు చేసిన గుర్తులుగా ఉండును. వెలుతురునకు, వేడికి ఆ పొర వెలిసిపోవును. మీ ఇండ్లలో పెండ్లి సీడీలు, తాతముత్తవల మాటలున్న సీడీలు బీరువాలలో ఉండియుండును. నేటి ల్యాప్‌టాపులలో అనేకములకు డిస్కు పెట్టు అర లేదు. చదువగల యంత్రము దొరకుచుండగనే వాని ఇమేజిలను తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచుకొనుడు. ఆ పిమ్మట వినుటకు, చూచుటకు క్రొత్త డిస్కుతో పని లేదు.

ఆనాటి మూడవ డిస్కు నేటికిని మా బల్ల సొరుగులో ఖాళీగనే ఉన్నది.