కాలేయానికి నేల ఉసిరి

పచ్చకామెర్లకు నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇవ్వడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. ఇలాంటి మొక్కల శక్తిని ప్రయోగశాలలో పరీక్షించడానికి ఎక్కువగా వాడే విషం కార్బన్ టెట్రాక్లోరైడ్. ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగ్‌కు వాడిన ద్రవమిది. చిత్రమేమంటే, దాన్ని మరింత ప్రమాదకరంగా మార్చేది కాలేయమే. విషాలను విరగ్గొట్టాల్సిన సైటోక్రోమ్ పి450 ఎంజైములు దాన్ని ట్రైక్లోరోమిథైల్ అనే ఫ్రీ రాడికల్‌గా మారుస్తాయి. అది కణపొరల్లోని కొవ్వులపై పడుతుంది. ఒక అణువు చెడి పక్కదాన్ని చెడగొడుతూ, గడ్డివాముకు నిప్పంటుకున్నట్టు నష్టం పాకుతుంది. పొరలు చిట్లి కాలేయ కణాల్లోని ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు రక్తంలోకి కారతాయి.

నేల ఉసిరిలోని ఫిల్లాంథిన్, టానిన్ల వంటి యాంటీఆక్సిడెంట్లు ఈ గొలుసును మధ్యలో తెంపుతాయి. కాలేయపు సొంత రక్షణ పదార్థమైన గ్లూటాథియోన్ తరిగిపోకుండా కాస్తాయి. ఈ విషంతో పాటు మొక్క సారం కూడా ఇచ్చిన ఎలుకల్లో రక్తంలోని ఆ ఎంజైములు అంతగా పెరగలేదు. మనుషుల్లో మాత్రం రుజువు ఇంత గట్టిగా లేదు. అయితే కాలేయాన్ని ఇలా కాపాడే మందులు ఆసుపత్రుల్లో ఉన్నాయి. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు ఇచ్చేది ఎన్-ఎసిటైల్‌సిస్టీన్. అదీ గ్లూటాథియోన్‌ను తిరిగి నింపేదే. మధ్యధరా ప్రాంతపు మిల్క్ థిసిల్ గింజల నుంచి తీసే సిలిబినిన్‌ను ఐరోపాలో విషపు పుట్టగొడుగులు తిన్నవారికి నరం ద్వారా ఎక్కిస్తారు.