కంప్యూటరు తెర వెనుక కాతిబు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు చాలా విషయాలు చెప్పారు. మేము ఒక పనివాడిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. అతడు మన ఊరివాడు కాడు, మన భాషవాడు కూడా కాకపోవచ్చు. అయినా మనం కంప్యూటరు మీద ఉర్దూలో ఉత్తరం రాసుకున్నా, తెలుగులో దరఖాస్తు టైపు చేసుకున్నా అందులో అతని చెమట ఉన్నది. అతన్ని ఓపెన్ సోర్స్ డెవలపరు అంటారు. అంటే తాను రాసిన ప్రోగ్రామును దాచుకోకుండా, ఎవరైనా చదువుకోండి, మార్చుకోండి, నలుగురికీ పంచండి అని బయట పెట్టేవాడన్నమాట.

కంప్యూటరు పెట్టగానే కనిపించే తెర, ఫైళ్లు, మెనూలు, వీటన్నిటినీ కలిపి డెస్క్‌టాప్ అంటారు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. అది లోపలి యంత్రాంగం. సామాన్యుడు వాడుకోవాలంటే పైన ఒక ముఖం కావాలి గదా! 1996 అక్టోబరులో జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ కె.డి.ఇ. అనే డెస్క్‌టాప్ కోసం పిలుపునిచ్చాడు. 1997లో మెక్సికో యువకులు మిగెల్ ది ఇకాజా, ఫెదెరికో మేనా గ్నోమ్ అనే మరొకదాన్ని ప్రారంభించారు. రెండూ ఈనాటికీ నడుస్తున్నాయి. నడుస్తున్నాయంటే, ఎవరో రోజూ కూర్చుని నడిపిస్తున్నారనే అర్థం.

మరి ఆ పనివాడి దినచర్య ఎలా ఉంటుంది? రోజుకో అద్భుతం సృష్టిస్తాడని మన పిల్లలు అనుకుంటారు. అసలు సంగతి వేరు. కూర్చోగానే ముందు చూసేది ఫిర్యాదులు. ఒకాయన, ప్రింటు తీస్తే చివరి వరుస రావటం లేదంటాడు. ఇంకొకాయన "పని చేయటం లేదు" అని మూడు ముక్కలు రాసి ఊరుకుంటాడు. మీది ఏ వెర్షను, ఏది నొక్కారు, ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నారు అని ఓపికగా అడగాలి. తన మిషను మీద అదే తప్పును మళ్లీ రప్పించాలి. రప్పించలేకపోతే వైద్యం లేదు. తప్పు దొరికిన తరువాత దిద్దేది ఒక్కోసారి రెండు వరుసలే. అవి కూడా నేరుగా చేరవు. ఎక్కడో వేరే దేశంలో ఉన్న సహచరుడు వాటిని చదివి, ఇక్కడ ఇలా మారిస్తే అక్కడ చెడుతుంది అంటాడు. మళ్లీ రాయాలి. మన బడిలో కాపీ దిద్దినట్టే అనుకోండి. కాకపోతే దిద్దించుకొనేది పెద్దలు, చూసేది లోకమంతా.

గ్నోమ్ కొత్త కూర్పు ఏటా రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ వస్తుంది. విడుదలకు కొన్ని వారాల ముందు కొత్త హంగులు చేర్చడం ఆపేస్తారు. తెర మీది మాటలు మార్చడం కూడా ఆపేస్తారు. ఎందుకంటే, అనువాదం చేసేవారికి వ్యవధి కావాలి. ఇక జీతమంటారా, కొందరికి కంపెనీలు జీతమిచ్చి ఈ పని చేయిస్తాయి. మరెందరో పగలు వేరే ఉద్యోగం చేసుకొని, రాత్రి భోజనమయ్యాక దీనికి కూర్చుంటారు.

ఇందులో మనకేం పని అంటారా? ఉర్దూ పత్రికలను కాతిబులు కలంతో రాసిన కాలం మనలో పెద్దలకు గుర్తున్నది. "బే" అక్షరం ఒంటరిగా ఉంటే ఒక రూపం, మాట మొదట ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి. నస్తాలీఖ్‌లో మాట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. వరుస కుడి నుంచి ఎడమకు పోతుంటే, నడుమ వచ్చిన అంకె మాత్రం ఎడమ నుంచి కుడికి పోతుంది. తెలుగు సంగతీ తేలిక కాదు. "స్త్రీ" అని మనం ఒక్క అక్షరంగా చదివేది మిషను లోపల ఆరు సంకేతాలు. వీటిని సరైన రూపంలో పేర్చే ప్రోగ్రాములలో ముఖ్యమైనదాని పేరు హర్ఫ్‌బాజ్. హర్ఫ్ అంటే అక్షరమని మన పిల్లలకు చెప్పనక్కరలేదు. బాజ్ అంటే ఫారసీలో తెరచి ఉన్నది. దాని ముఖ్య నిర్మాత ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఇస్ఫహ్‌బోద్. గ్నోమ్, లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ ఫోను, అన్నిటిలోనూ అక్షరాలు పేర్చేది అదే. ఈనాటి కాతిబు అదేనన్నమాట! మన జేబులోని ఫోనులోనే అతడు కూర్చుని ఉంటే మనం పేరైనా అడగలేదు.

వక్ఫు గురించి మనకు తెలియనిది కాదు. ఇచ్చినవాడు వెనక్కు తీసుకోరాదు, ఫలం అందరిదీ. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జి.పి.ఎల్. అనే లైసెన్సు దాదాపు ఇలాంటి షరతే పెట్టింది. ప్రోగ్రామును తీసుకొని మార్చి పంచేవాడు, తాను పొందిన హక్కులనే తరువాతివాడికీ ఇవ్వాలి. కాని వక్ఫు బావి అయినా సరే, పూడిక తీసేవాడు లేకపోతే ఏమవుతుంది?

2024 మార్చిలో ఏమైందో చూడండి. ఫైళ్లను కుదించే ఎక్స్.జెడ్. అనే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉన్నది. డెస్క్‌టాప్‌లకు అడుగున ఎక్కడో ఉంటుంది, ఎవరికీ కనపడదు. దాన్ని ఏళ్ల తరబడి ముఖ్యంగా ఒక్క మనిషే, జీతం లేకుండా చూసుకొచ్చాడు. మానసిక ఆరోగ్య సమస్యల వల్ల దీని మీద అంతగా శ్రద్ధ పెట్టలేకపోతున్నానని 2022లోనే బహిరంగంగా చెప్పుకున్నాడు. త్వరగా చేయవేమని అడిగినవారే గాని, చేయి వేసినవారు తక్కువ. అలాంటప్పుడు సాయానికి వచ్చిన ఒక ముసుగు మనిషి, నమ్మకం సంపాదించి రహస్యంగా దొంగ దారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని అనుమానించి తవ్వి చూస్తే బయటపడింది. ఒంటరివాడి అలసట లోకానికే ప్రమాదం తెచ్చిపెట్టబోయింది.

కాబట్టి సోదరులారా, ఉచితంగా వచ్చిందని వాడుకొని ఊరుకోవటం మనకు తగదు. అందరూ ప్రోగ్రాములు రాయనక్కరలేదు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. తెర మీద అక్షరం చెడితే, ఎక్కడ ఎలా చెడిందో విపులంగా రాసి పంపటం ఒక ఖిద్మత్. మన మాటల్లోకి అనువాదం చేయటం ఇంకొకటి. ఎవరో చేసిన పనికి సలాం చెప్పి రెండు ముక్కలు రాయటం కూడా చిన్నదేమీ కాదు. మన భాషలో తప్పు ఉన్నదని మనమే చెప్పకపోతే జర్మనీలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

మన సొసైటీ కంప్యూటరు తరగతిలో టైపు నేర్పుతున్నారు, సంతోషం. వారానికి ఒక్క గంట ఈ పనికి కూడా కేటాయించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. నేర్పేందుకు మా వంతు సమయం మేము ఇస్తాము. ఇతరులకు పనికివచ్చే ఇల్మ్ మనిషి పోయిన తరువాత కూడా సవాబు తెస్తూనే ఉంటుందని మన పెద్దలు చెప్పారు. ఆ భాగ్యం మన పిల్లలకు అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.