తల్లిని తీసుకుని పిల్లల్ని వదిలితే లెక్క సరిపోతుందా?

 

ఈ ఆగస్టు 9న మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాటల గురించి, మూలికల గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. మేము ఒక పాము గురించి చెబుతాం. అది మా హాస్టల్‌కు వచ్చిన పాము. దాని విషయంలో తప్పు చేసింది మేమే. యానాదులం కాబట్టి పాముల సంగతి మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదనుకుంటాం. ఆ ధీమాయే మా చేత తప్పు చేయించింది.

పోయిన ఏడాది జూన్‌లో, బడులు తెరిచిన వారం, వంటింటి వెనక తాటాకుల కుప్ప కింద నుంచి కుక్కర్ ఈల లాంటి బుస వినిపించింది. వంటమ్మ కేక వేసింది. చూస్తే లావుపాటి రక్తపింజరి. మా హాస్టల్లోనే చదువుకుని ఇప్పుడు డిగ్రీలో ఉన్న అబ్బాయి ఒకడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. పొడవాటి కర్రతో దాన్ని నేర్పుగా ఖాళీ డ్రమ్ములోకి మళ్లించాడు. మూతకు చిల్లులు పెట్టాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నిమిషంలోనే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి ఉంటే ఇవాళ ఈ మాటలు చెప్పాల్సి వచ్చేది కాదు.

"కడుపుతో ఉండాది మేడం" అన్నాడు అబ్బాయి. "ఈనేదాకా ఉంచుదాం. పిల్లల్ని వదిలేద్దాం. తల్లిని టౌన్లో ఒకాయన అడగతా ఉండాడు. ఒకటి తీసుకుని ముప్పై ఇస్తే అడివికి లాభమే గదా?"

అమ్మే మాట వద్దన్నాం. ఉంచే మాట మాత్రం కాదనలేదు. టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లం కదా, పిల్లలకు సైన్స్ పాఠం కళ్ల ముందు చూపించినట్టు ఉంటుందనుకున్నాం. ముప్పై పిల్లల్ని ప్రాణాలతో వదులుతున్నామంటే మంచి పనే కదా అని కూడా అనుకున్నాం.

తొమ్మిదో రోజు అది ఈనింది. నాగుపాము, కట్లపాము గుడ్లు పెడతాయి. రక్తపింజరి పిల్లల్నే కంటుంది. 31 పిల్లలు. అందులో అయిదు చచ్చి పుట్టాయి. డ్రమ్మును రేకుల షెడ్డులో పెట్టాం. జూన్ ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. రెండో రోజుకు తల్లి కూడా చచ్చిపోయింది. మిగిలిన 26 పిల్లల్ని బకెట్లో వేసుకుని, బండి మీద తీసుకుపోయి, దూరంగా ఉన్న చెరువు కట్ట మీద వదిలాం. వీడియో తీశాం. అందరం చప్పట్లు కొట్టాం.

నాలుగు రోజుల తర్వాత ఆ కట్ట పక్క కాలనీ నుంచి ఒక తాత వచ్చాడు. వరండాలో కూర్చుని మజ్జిగ తాగాడు. నెమ్మదిగా అడిగాడు: "ఏమ్మా, ఆ కట్టలో ఎలకల బొక్కల్లో చెయ్యి పెట్టేది ఎవురమ్మా?"

మా దగ్గర జవాబు లేదు. పొలం పనుల్లేని రోజుల్లో ఆ కాలనీ వాళ్లకు ఆ కట్టే ఆధారం. కుండలో గడ్డి వేసి పొగ పెట్టి, బొక్క తవ్వి, చేత్తో ఎలకను బయటికి లాగుతారు. రక్తపింజరి పిల్లకు పుట్టిన రోజు నుంచే కోరల్లో విషం ఉంటుంది. మేము చప్పట్లు కొట్టి వదిలింది మన వాళ్లు చేతులు పెట్టే బొక్కల దగ్గర. ఆ తర్వాత చాలా రోజులు ఆ కట్ట మీద ఎవరూ ఎలక పట్టలేదు. ఎవరికీ కాటు పడలేదు, అది మన అదృష్టం. కానీ ఆ రోజుల్లో వాళ్ల కూడు పోయింది మా వల్లే.

కడుపుతో ఉన్నదాన్ని మన పాత పెద్దలు ముట్టుకునేవాళ్లు కాదు కదా తాతా అని అడిగాం. ఆయన నవ్వాడు.

"అట్టా ఎవురన్నా చెబితే నమ్మబాకమ్మా. తోళ్లు కొనేవోడు మూరల లెక్కన డబ్బులిచ్చేవోడు. కడుపుతో ఉండేది పెద్దది, నిదానంగా కదులుద్ది. ముందు దాన్నే పట్టినాం. జెర్రిపోతులు పోయినాక ఎలకలు చేను తినేస్తుంటే అప్పుడు తెలిసింది."

ఆయన చెప్పిన తోళ్ల కాలం నిజంగా ఉండింది. 1976లో పాము తోళ్ల ఎగుమతిని నిషేధించేదాకా మన దేశం నుంచి లక్షల తోళ్లు బయటికి పోయాయి. పట్టిన చేతులు మన వంటి వాళ్లవి. లాభం మాత్రం మనకు రాలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు ఆ అబ్బాయి చెప్పిన లెక్కను మళ్లీ వేసి చూద్దాం. "ఒకటి తీసుకుని ముప్పై ఇచ్చాం" అంటున్నాం. ఆ ముప్పై మనం ఇచ్చినవా? మనం ముట్టుకోకపోయినా అవి పుట్టేవే. తల్లి తాను ఎంచుకున్న చోట కనేది. అంటే మనం ఇచ్చింది సున్నా, తీసుకున్నది తల్లిని. మా విషయంలో తల్లితో పాటు అయిదు పిల్లలు కూడా పోయాయి.

రెండోది, తల్లీ పిల్లా ఒకే విలువ కావు. ముంగిస, గద్ద, ఇంకో పాము, ఇలా పాము పిల్లల్ని తినేవి ఎన్నో. పుట్టినవాటిలో పెద్దయ్యేవి చాలా కొద్ది. అన్నీ తప్పించుకుని, పెరిగి, కడుపుతో ఉన్న ఆడ పాము ఇంకా ఎన్నో ఏళ్లు కనగలదు. విత్తనాల గాదె అమ్ముకుని, నాలుగు గింజలు చేలో చల్లాం కదా అని చెప్పుకుంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడా?

మూడోది, చోటు. పాముకు తన దారులు, దాక్కునే చోట్లు, నీళ్లు, తిండి ఉన్న ఇలాకా ఒకటి ఉంటుంది. కర్ణాటకలోని ఆగుంబెలో గిరినాగులకు రేడియో పరికరాలు పెట్టి గమనించారు. దూరం తీసుకెళ్లి వదిలిన పాము కొత్త చోట కుదురుకోలేక, తన చోట ఉన్న పాముకంటే చాలా ఎక్కువ తిరిగింది. అందుకే ఎక్కడో ఒకచోట వదిలేస్తే కాపాడినట్టు కాదు. అక్కడ బతికే మనుషుల్ని కూడా అడగాలి. మేము అడగలేదు.

అయితే పాములు పట్టడమే తప్పా? కాదు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరులర్ల సహకార సంఘం ఉంది. తోళ్ల వ్యాపారం ఆగి బతుకు పోయినప్పుడు, రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో, ఇన్ని మాత్రమే అన్న లెక్కతో పాముల్ని పడతారు. కుండల్లో మూడు నాలుగు వారాలు ఉంచి, కొన్నిసార్లు విషం తీస్తారు. మళ్లీ వెంటనే దాన్నే పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి వదులుతారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని అంచనా. ఇరులర్ల చేతి పని ఎన్ని ప్రాణాలు నిలుపుతోందో ఆలోచించండి. ఆ సంఘానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

తేడా గమనించారా? వాళ్లు పట్టినదాన్నే తిరిగి వదులుతారు. మేము తల్లిని పోగొట్టి, పిల్లల్ని చూపించి మంచివాళ్లం అనిపించుకున్నాం.

మన తూర్పు కనుమల్లో గిరినాగు ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెడుతుంది. గూడు కనబడితే చంపేయడమో, గుడ్లు ఎత్తుకుపోవడమో కాకుండా, కొన్ని ఊళ్లలో గూటిని ఉన్నచోటే ఉంచి, పిల్లలు బయటికి వచ్చేదాకా కాపలా ఉంటున్నారు. అక్కడి ఆదివాసీలు చేస్తున్న ఈ పని మనకు పాఠం.

చివరగా చెప్పాల్సినవి కొన్ని. పాము బయట ఉంటే, ఎవరికీ అడ్డం కాకపోతే, దాని దారిన దాన్ని పోనివ్వండి. ఇంట్లోకో హాస్టల్‌లోకో వస్తే దూరంగా ఉండి, పిల్లల్ని తప్పించి, అటవీశాఖకు ఫోన్ చేయండి. కడుపుతో ఉందనిపిస్తే ఇంకా తొందరపడండి, ఆ రోజే దగ్గరలోని తగిన చోటికి చేర్చమని అడగండి. "ఈనేదాకా" అన్న మాట మన నోట రాకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దాని కింద రక్షణ ఉన్న పాముల్ని అనుమతి లేకుండా పట్టినా, ఉంచినా, అమ్మినా నేరం. డబ్బులిస్తానన్న టౌను మనిషి తప్పుకుంటాడు. కేసులో ముందు రాసేది మన పిల్లాడి పేరే. కాటు పడితే కోయకండి, తాడు బిగించకండి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోండి. మూలికల మీద గౌరవం ఉంచుకుందాం, కానీ పాముకాటుకు మాత్రం ఆసుపత్రే.

జరిగింది అటవీశాఖ వాళ్లకు మేమే చెప్పాం. మందలించారు, పడ్డాం. ఆ అబ్బాయి తాతతో కలిసి కాలనీలో ఇంటింటికీ పోయి, ఏ చోట వదిలామో చూపించి వచ్చాడు. చెప్పు తెగిందని వంక పెట్టకుండా మండుటెండలో తిరిగాడు. పామును డ్రమ్ములోకి మళ్లించిన నేర్పు కన్నా ఆ పని మాకు గొప్పగా కనిపించింది.

పాముల్ని చూసి భయపడకపోవడం మన తాతలు మనకిచ్చిన విద్య. ఎప్పుడు పట్టకూడదో తెలుసుకోవడం మనం దానికి కలపాల్సిన విద్య. రెండూ కలిపి మన తర్వాతి పిల్లలకు ఇద్దాం.