పాత జీపు ముందు ఇరుసు: సీలు మార్చుటకు ముందు తెలియవలసినది

(బంటుమిల్లిలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



జీపు ముందు ఇరుసు సంగతి పంచాయతీ సభ్యులకెందుకని కొందరికి తోచవచ్చును. చక్రము విప్పువాడు మెకానిక్కే. కాని మరమ్మతు బిల్లును చూచి ఆమోదించువారు మీరు. గాలివాననాడు ఆ బండి ఎక్కి పోవలసినవారును మీరే. కనుక ఈ విషయము మీకు కొంత తెలిసియుండుట మంచిది.

జీపు రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యము కొరకు పుట్టినది. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చనారంభించిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు జీపు పల్లెలకు పరిచయమైనది. పంచాయతీ సమితులు పోయి మండలములు వచ్చినవి. కాని ఆ తరహా పాత జీపులు నేటికిని మన ప్రాంతమున చెరువుగట్లపై అక్కడక్కడ కానవచ్చును.

వాటిని ఇంకను నిలుపుకొనుటకు కారణమున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించిరి. అట్టి వేళ రోడ్డు బురదయై యుండును. ముందు చక్రములకును ఇంజను బలము అందు బండియే కదలగలదు. ఆ అవసరము ముందుగా చెప్పి రాదు. ఆనాడు బండి కదలునా లేదా అనునది, అంతకు ముందు ఆరు నెలలు దాని ఇరుసును మనమెట్లు చూచుకొంటిమను దానిపై ఆధారపడియుండును.

ఎడ్లబండి ఇరుసునకు కందెన వేయుట మన తాతలెరిగిన పని. ఎడ్లబండి ఇరుసు తిరుగదు, చక్రమే తిరుగును. జీపు ముందు ఇరుసు అట్టిది కాదు. దాని గొట్టములోపల ఒక కడ్డీ తిరుగుచు చక్రమును త్రిప్పును. ఆ చక్రమే స్టీరింగుతోపాటు కుడియెడమలకు మళ్లవలెను. అందుచేత నూనె బయటకు రాకుండ, నీరు లోనికి పోకుండ కాచుటకు మూడు తావులలో సీళ్లుండును. మొదటిది ఇరుసు గొట్టములోపల కడ్డీ చుట్టు ఉండును. రెండవది చక్రము మళ్లుచోట గుండ్రని ఇనుప గుండును తుడుచుచు ఉండును. మూడవది హబ్బులో, బేరింగు వెనుక ఉండును.

సీలు చెడినదని ఎట్లు తెలియును? టైరు లోపలిప్రక్క తడియుండును. డిఫరెన్షియల్‌లో నూనె తగ్గును. బ్రేకు నొక్కగానే బండి ఒక ప్రక్కకు లాగును. తడిని వేలితో తాకి చూడుడు. నీళ్లవలె పలుచనైనచో అది బ్రేకు ద్రవము కావచ్చును. చిక్కగా నుండి గంధకపు ఘాటు కొట్టినచో గేరు నూనె. నూనె మజ్జిగరంగునకు తిరిగినచో నీరు చొచ్చినదని అర్థము. కాలువగట్టు మీద బ్రేకు ఒక ప్రక్కకు లాగుట ఎంత అపాయమో మీకు చెప్పనక్కరలేదు.

నేను కన్న సంగతి ఒకటి చెప్పెదను. మన ప్రాంతపు ఒక గ్రామమున ఒక పాత జీపునకు రెండేండ్లలో మూడుమార్లు ఎడమచక్రపు సీలు మార్చిరి. ప్రతిసారియు కొన్ని వారములకే నూనె మరల కారినది. సీలు నాసిరకమని కొందరు, మెకానిక్కు చేతకానివాడని కొందరు అనిరి. నాలుగవమారు వచ్చిన వృద్ధుడైన మెకానిక్కు చక్రమును ముట్టక, ముందుగా ఇరుసుపైనున్న బ్రీదరును విప్పెను. అది ఎండిన నల్లమట్టితో పూర్తిగా పూడియుండెను.

బ్రీదరు అనగా ఇరుసు ఊపిరి తీయు రంధ్రము. బండి నడుచునపుడు నూనె వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించును. రంధ్రము మూసికొన్నచో ఆ ఒత్తిడి నూనెను సీలు గుండా నెట్టును. వేడి ఇరుసు కాలువ నీటిలో దిగినపుడు గాలి హఠాత్తుగా సంకోచించి, అదే సీలు గుండా నీటిని లోనికి పీల్చును. ఉప్పునీరైనచో బేరింగులు త్రుప్పుపట్టును. పేడతో, రేగడితో నిండిన మన బాటలలో ఈ చిన్న రంధ్రమును మరచుట పెద్ద నష్టము.

ఇక సీలు చెడుటకు మరి రెండు కారణములు కలవు. కింగ్ పిన్ను బేరింగులు అరిగి చక్రము ఊగుచున్నచో సీలు ఒకవైపున నలుగును. ఇనుప గుండుమీద త్రుప్పు గుంటలు పడినచో క్రొత్త సీలు ఆకురాయిమీద రాసినట్లు అరిగిపోవును. కావున సీలు ఒక్కటే మార్చుట రోగమును విడిచి కట్టు మార్చుట వంటిది.

పనిచేయు విధమును క్లుప్తముగా వినుడు. వెనుక చక్రములకు రాళ్లు అడ్డువేసి, ముందు ఇరుసు క్రింద గట్టి దిమ్మలుంచవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి పోరాదు. పాత బ్రేకు లైనింగులలో రాతినార ఉండవచ్చును గనుక ఆ దుమ్మును ఊదక తడిగుడ్డతో తుడువవలెను. హబ్బు తీసిన పిమ్మట బ్రేకు పళ్లెమును గొట్టముపై వ్రేలాడనీయక తాడుతో కట్టవలెను. కింగ్ పిన్ను బిగువును గుండు సీలు తీసివేసి చూడవలెను. సీలు రాపిడి ఉన్నచో నిజమైన బిగువు తెలియదు. క్రొత్త సీలు పెదవి నూనెవైపునకు తిరిగియుండవలెను. దానికి ముందుగా గ్రీజు పూయవలెను. చక్రము త్రిప్పుచు లోపలి నట్టును పట్టువరకు బిగించి, సుమారు ఆరవవంతు చుట్టు వదలుట ఈ జీపులకు అలవాటైన పద్ధతి. నూనె తగిలిన లైనింగులను పెట్రోలుతో కడిగి వాడరాదు. రెండు ముందు చక్రములకును ఒకేమారు క్రొత్తవి వేయవలెను.

సభ్యులారా! బిల్లు మీ ముందుకు వచ్చినపుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. బ్రీదరు విప్పి చూచితిరా? గుండు నునుపుగా నున్నదా? బేరింగుల ఊపు పరీక్షించితిరా? తీసిన పాత సీలు ఏది? ఈ నాలుగింటికి జవాబు దొరికిన పిమ్మటనే సంతకము చేయుడు. జవాబులను తేదీతో లాగుబుక్కులో వ్రాయించుడు. వానాకాలము ముందు ఒకమారు, బండి లోతునీటిలో దిగిన ప్రతిసారి ఒకమారు నూనె చూపించుడు.

సీలు స్వల్పమైన వస్తువు. దాని వెనుకనున్న కారణమును వెదకుట కొంచెము శ్రమ. ఆ శ్రమ పడిన గ్రామమునందు, గాలివాన హెచ్చరిక వచ్చిన రాత్రి, గర్భిణిని ఆసుపత్రికి చేర్చుటకును, పల్లపు ఇండ్లవారిని మెరకకు తరలించుటకును బండి సిద్ధముగా నుండును.