చెయ్యి లేవడం లేదంటే ఎటువైపు?

భుజం నొప్పితో వచ్చేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటే: "చెయ్యి పైకి లేవట్లేదు డాక్టరుగారూ." బాధ నిజమే గానీ, ఆ ఒక్క మాటతో జబ్బేమిటో తేలదు. చెయ్యి ముందునుంచి లేవకపోవచ్చు, పక్కనుంచి లేవకపోవచ్చు, లేచినా బయటివైపు తిరగకపోవచ్చు. పైగా మంచం మీద పడుకున్న మనిషికి 'పైకి' అంటే తలవైపా, ఇంటికప్పువైపా? ఈ చిక్కు లేకుండా శరీరశాస్త్రం ఒక భంగిమను ఖాయం చేసుకుంది: నిటారుగా నిలబడి, చూపు ఎదురుగా, చేతులు పక్కన, అరచేతులు ముందుకు. మనిషి బోర్లా పడుకున్నా సరే, కదలికల పేర్లన్నీ ఈ భంగిమను బట్టే పెడతాం. ఆ పేర్లు రోగనిర్ణయానికి పనిముట్లని నేనంటాను.

భుజాన్నే చూడండి. చేతిని ఒంటికి దూరంగా పక్కకు ఎత్తడం అబ్డక్షన్, తిరిగి ఒంటికి చేర్చడం అడక్షన్. చెయ్యి చెవిదాకా లేస్తే సుమారు 180 డిగ్రీలు. అందులో దాదాపు 120 భుజం కీలువి, మిగతా 60 వీపుమీది రెక్క ఎముక జరగడం వల్ల వచ్చేవి. అందుకే కీలు బిగుసుకున్నవారు కూడా రెక్క ఎముకను ఎగదోసి చెయ్యి కొంత ఎత్తగలరు. చూసేవారికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మోచేతిని ఒంటికి ఆనించి, 90 డిగ్రీలు వంచి, ముంజేతిని బయటికి తిప్పమన్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. షుగరు ఉన్నవారిలో ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్‌లో ఈ బయటి రొటేషన్ బాగా తగ్గిపోతుంది, ఇంకొకరు పట్టి తిప్పినా తిరగదు. భుజం కండరపు స్నాయువు తెగినప్పుడు మనిషి తనంతట తాను ఎత్తలేకపోయినా, ఇంకొకరు ఎత్తితే చాలాసార్లు లేస్తుంది. ఫిర్యాదు ఒకటే, చికిత్సలు వేరు.

మోచేయి ముందుకు వంగుతుంది, మోకాలు వెనక్కి వంగుతుంది. రెండూ ఫ్లెక్షనే (కీలు వంచడమే) ఎలా అవుతాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తల్లి కడుపులో, రెండో నెలలో, చేతులూ కాళ్లూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మోచేతులు వెనక్కి, మోకాళ్లు ముందుకు చేరతాయి. అందుకే ఒకే జాతి కదలిక రెండు దిక్కులు పట్టింది. బొటనవేలిదీ ఇలాంటి కథే. అది మిగతా వేళ్లకు అడ్డంగా తిరిగి ఉంటుంది కాబట్టి, అరచెయ్యి బల్లమీద వెల్లకిలా ఉన్నప్పుడు దాన్ని నిట్టనిలువుగా లేపడమే దాని అబ్డక్షన్. మణికట్టు దగ్గర మీడియన్ నాడి బాగా నొక్కుకుపోతే బలహీనపడేది సరిగ్గా ఈ కదలికే.

మామూలు జనానికి ఈ లాటిన్ పేర్లెందుకని మరో ఆక్షేపణ. పేర్లు మాకు వదిలేయండి. మీరు మాత్రం ఏ పని ఆగిందో చెప్పండి: జడ వేసుకోవడమా, వెనక జేబులో పర్సు తీయడమా, అటకమీది డబ్బా దించడమా. ఇంకొకరు ఎత్తితే చెయ్యి లేస్తోందో లేదో కూడా చెప్పండి.